నాదేనేమో

అత్తగారు పొద్దున్నే మొదలెట్టింది. బిల్డమ్మ చేతిసంచీ ఇంకా భుజానే ఉండగా కంప్యూటర్లో ఒక ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ నొక్కిందో లేదో, తెర నిండా ఎర్రక్షరాలు వచ్చి పడ్డాయి. అది కనపడలేదు, ఇదెవరో నాకు తెలీదు, దీని పేరు ఇంతకుముందే ఇంకోదానికి పెట్టారు, అసలిదేం రాత!

"ఉండవమ్మా తల్లీ, కుర్చీలో కుదురుగా కూర్చోనీ" అంది బిల్డమ్మ తెరతో.

అత్తగారంటే ఇంట్లో ఉన్నావిడ కాదు. కంపైలరు. మనుషులు రాసిన కోడుని చిప్పుకి అర్థమయ్యే భాషలోకి మార్చే సాఫ్ట్‌వేరు. రాసిన ప్రతి వాక్యంలోనూ వంక వెతకడమే దాని ఉద్యోగం కనక, ఆఫీసులో ఎవరో మహానుభావుడు దానికా పేరు పెట్టాడు, అది అలాగే అతుక్కుపోయింది. ఆ వంకల్లో రెండు రకాలున్నాయి. మొదటివి తప్పులు. ఒక్కటి ఉన్నా బిల్డు ఆగిపోతుంది. రెండోవి హెచ్చరికలు. "ఇక్కడేదో తేడాగా ఉంది, చూసుకో" అంటుందే గానీ పని ఆపదు. ఈ రెండో రకాన్ని ఆఫీసులో సణుగుడు అంటారు. సణుగుడు ఎవరూ చదవరు. చదివే తీరిక ఎవడికుంది?

వాళ్ళు తయారుచేసేది ఆసుపత్రుల్లో రక్తం నిలవచేసే ఫ్రిజ్‌లకి మెదడు. అరచేతిలో పట్టేంత బోర్డు, దానిమీద చిప్పు, ఆ చిప్పులో నడిచే కెర్నెల్. మిగతా ప్రోగ్రాములన్నిటికీ అదే పెద్దదిక్కు. లక్షల వాక్యాల నుంచి ఆ కెర్నెల్ని బిల్డు చేసి, ఒక్క ఫైలుగా మూటగట్టి బోర్డులోకి ఎక్కించడం ఆమె పని. అందుకే బిల్డమ్మ. అసలు పేరుతో పిలిస్తే ఆమే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటుంది, ఎవర్నబ్బా అని.

పాత చిప్పు తయారీ ఆపేశారు. కొత్త చిప్పుతోపాటు కొత్త కంపైలరు వచ్చింది. ఈ కొత్త అత్తగారికి చాదస్తం మరీ ఎక్కువ. చిప్పు కంపెనీవాళ్ళు పంపిన సరంజామాలో ఒక నియమం కూడా పెట్టారు: ఇకనుంచి సణుగుడు కూడా తప్పు కిందే లెక్క. శుక్రవారానికల్లా కెర్నెల్ కట్టి పంపాలని మేనేజరు చెప్పాడు.

బిల్డమ్మ సంచీ కింద పెట్టి ఎర్రవరసల్ని పై నుంచి చదవడం మొదలుపెట్టింది. ఎప్పుడైనా మొదటి వరసే చదవాలి. కింద ఉన్నవన్నీ దాని పిల్లలు. మొదటి వరస చూడగానే నవ్వొచ్చింది. ఏ చిప్పు కోసం కడుతున్నామో చెప్పడం మర్చిపోయింది. చెప్పకపోతే అది తను కూర్చున్న కంప్యూటర్ కోసమే కట్టుకుపోతుంది, ఎవరింటికొచ్చానో ఏమిటో అని కూడా అడక్కుండా. చిప్పు పేరు చెప్పింది. ఎర్రవరసలు సగానికి సగం పోయాయి.

తర్వాతది ఒకే పేరు రెండు ఫైళ్ళలో ఉండటం. పాత కంపైలరు పోనీలే అని రెంటినీ ఒకటిగా సర్దుకుపోయేది. కొత్తది ససేమిరా అంది. ఒకచోట అసలుది ఉంచి, రెండోచోట "ఇది బయటిది, అక్కడ ఉంది చూసుకో" అని ఒక్క మాట చేర్చింది బిల్డమ్మ. ఇంకోచోట ఎవరో ఒక ఫైలు పేరు పెద్దక్షరంతో రాశారు, దాన్ని చిన్నక్షరం చేసింది. మళ్ళీ నడిపింది. ఫ్యాను రొదపెట్టింది. ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటీ పైకి జరిగిపోతుంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది. చూస్తే తొందరగా అవ్వదని తెలుసు, అయినా చూస్తుంది.

"ఏమంటోందే మీ అత్తగారు?"

బాబాయ్ వచ్చాడు. ఆయన ఎవరికీ బాబాయ్ కాదు, అందుకే అందరికీ బాబాయే. బోర్డు మీద రాగి దారులు గీసేది ఆయన. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, అది ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. చేతిలో కొత్త చిప్పు పెట్టిన నమూనా బోర్డు. అంచులు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, మధ్యలో వేలు తగలకుండా.

"మాట్లాడితే తప్పంటోంది బాబాయ్. అది సరే, నిన్న మీరిచ్చిన బోర్డు ఉలకదు పలకదు. కేబుల్ పెట్టినా తెర మీద ఒక్క అక్షరం రావట్లేదు."

"నాదేనేమో. ఇలా ఇవ్వు, చూస్తాను."

ఆయనెప్పుడూ అంతే. లిఫ్టు ఆగిపోయినా "నాదేనేమో" అనేలా ఉంటాడు. టేబుల్ దగ్గరికి వంగి, కళ్ళజోడు కిందికి దింపుకుని, బోర్డుని దీపం కింద అటూ ఇటూ తిప్పాడు. ఆమె కేబుల్ తీసి మళ్ళీ గుచ్చింది. తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తాయి.

"మీది కాదు బాబాయ్. నేనే సరిగ్గా గుచ్చలేదు."

"పోన్లే" అన్నాడు ఆయన, నిజంగానే ఊరటగా. "శుక్రవారం దాకా ఉంటాగా. ఏదన్నా ఉంటే అడుగు. తర్వాత వచ్చేవాళ్ళకి నా గీతలు అర్థమవుతాయో లేదో."

బిల్డమ్మ తల ఊపి తెరవైపు తిరిగింది. శుక్రవారం మాట వచ్చినప్పుడల్లా అందరూ ఎటో ఒకవైపు తిరుగుతున్నారు. ఆమెకీ అదే చేతనయింది.

జరిగింది ఇది. కొన్ని ఆసుపత్రుల్లో ఫ్రిజ్‌ల మీద అంకె గడ్డకట్టుకుపోతోంది. లోపల చల్లదనం తగ్గుతున్నా పైన మాత్రం నాలుగు డిగ్రీలు, అంతా క్షేమం అని చూపిస్తోంది. రక్తం సంచులు పారబొయ్యాల్సి వచ్చింది. తలుపు ఎంతసేపు తెరిచి ఉందో చెప్పే ఐదో సెన్సరు ఉన్న మోడల్లోనే ఇలా అవుతోంది. ఆ ఐదో సెన్సరుకి వైరు దారి గీసింది బాబాయ్. మీటింగులో "ఎందుకవుతోంది?" అని మేనేజరు అడిగితే అందరూ టేబుల్ చూశారు. బాబాయ్ ఒక్కడే అలవాటుగా నోరు తెరిచాడు. "నాదేనేమో సార్. ఐదో వైరు కంప్రెసరు పక్కనుంచి పోతోంది. దాని రొద వైరులోకి ఎక్కుతోందేమో."

మర్నాడు అందరికీ వచ్చిన మెయిల్లో 'బోర్డు డిజైనులో లోపం ఉందని డిజైనరు అంగీకరించారు' అని ఉంది. రెండుసార్లు అన్న 'ఏమో' రెండుసార్లూ రాలిపోయింది. ఆసుపత్రులవాళ్ళు బాధ్యులెవరని అడిగారట, ఒక పేరు కావాలి వాళ్ళకి. పేరు దొరికింది. శుక్రవారం ఆఖరి రోజు అన్నారు. బాబాయ్ అదీ ఒప్పుకున్నాడు. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే, ఈపాటికి ఆయనా నమ్మేశాడు. ఎవరూ అడక్కుండానే ఆ ఐదో వైరుని కాగితాల మీద మళ్ళీమళ్ళీ గీసుకుంటూ కూర్చుంటున్నాడు. ఈ వయసులో ఇంకోచోట ఎవరు తీసుకుంటారు, పైగా ఇంత మచ్చతో.

*

మంగళవారం సాయంత్రానికి అన్నీ పోయి ఒక్కటే మిగిలింది. బిల్డమ్మ ఇంటికెళ్ళి వంటగదిలో గిన్నెలు సర్దుతుంటే మేనేజరు ఫోను చేశాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"అయిపోయినట్టే సార్. అత్తగారు ఒక్క విషయంలోనే పట్టు వదలట్లేదు... లేదు సార్, పెద్ద విషయమేం కాదు, ఊరికే సణుగుడే. పాతావిడ అయితే సర్దుకుపోయేది, ఈవిడకి ప్రతిదీ కావాలి... ఆఁ, రేపు పొద్దున్నే నోరు మూయించేస్తాను."

ఫోను పెట్టి తిరిగేసరికి గుమ్మంలో అత్తయ్య. చేతిలో ఖాళీ కప్పు. ముఖం ముడుచుకుని ఉంది.

"పాతావిడెవరు?" అంది అత్తయ్య.

"అయ్యో, అత్తయ్యా! మీరు కాదు!"

"మీరు కాదంటే? ఈ ఇంట్లో అత్తగారు ఇంకెవరు? నేను సణుగుతున్నానని ఆఫీసులో వాళ్ళందరికీ చెబుతున్నావన్నమాట. నోరు మూయిస్తావా? ఏదీ, మూయించు చూస్తాను."

లోపల్నుంచి మొగుడు పరిగెత్తుకొచ్చి, సంగతి అర్థమై, గోడకానుకుని పగలబడి నవ్వాడు. నవ్వు ఆపుకోలేక సగం సగం చెబుతుంటే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. చివరికి బిల్డమ్మ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఇంట్లో కంప్యూటర్ తెరిచి, ఎర్రవరసలు చూపించి వివరంగా చెప్పింది.

"ఓహో" అంది అత్తయ్య, కళ్ళు చికిలించి తెర చూస్తూ. "మాటంటే పడని రకమన్నమాట ఇది. మరి రేపేం చేస్తావు? దీని మాట వింటావా?"

"వినను అత్తయ్యా. దీనికి నోరు మూయించే జెండా ఒకటుంది. ఒక్క అక్షరం రాస్తే చాలు, ఇక ఎన్ని చూసినా కిమ్మనదు."

"నాకు పెట్టకు తల్లీ ఆ జెండా" అని ఆవిడ కప్పు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. అలక పూర్తిగా తీరలేదని, కప్పు కడగకుండా వదిలెయ్యడంతోనే తెలిసింది.

*

మర్నాడు పొద్దున బిల్డమ్మ సెన్సర్ల ఫోల్డర్లో మేక్‌ఫైలు తెరిచింది. దాన్నిబట్టే కంపైలరు నడుస్తుంది. మేనేజరు ఆమె వెనకగా వెళుతూ, చేతిలో ఫోను చూసుకుంటూనే, "పాతదాంట్లో ఉన్న జెండానే పెట్టెయ్. ఎన్నాళ్ళనుంచో దాంతోనే నడుస్తోందిగా" అన్నాడు.

"సరే సార్."

ఒక అడ్డగీత, ఒక అక్షరం. అంతే. కర్సరు అక్కడే ఆడుతోంది. అడ్డగీత కొట్టింది కూడా. ఎందుకో కిందికి చూసింది. ఇంకో కిటికీలో అత్తగారి ఆ ఒక్క ఎర్రవరస అలాగే ఉంది. నిన్నట్నుంచి దాన్ని చాలాసార్లు చూసింది, చదవలేదు. చూడటం వేరు, చదవడం వేరు. ఇప్పుడు చదివింది. నాలుగు గదులున్న వరసలో మీరు ఐదో గదిలోకి రాస్తున్నారు, అంటోంది.

ఐదో గది.

బిల్డమ్మ కొట్టిన అడ్డగీత చెరిపేసింది. కంపైలరు చెప్పిన ఫైలు తెరిచి, చెప్పిన వాక్యం దగ్గరికి వెళ్ళింది. సెన్సర్లన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి చదివి, వచ్చిన అంకెల్ని వరసగా గదుల్లో పెట్టే చోటు అది. లెక్క ఐదు దాకా పోతోంది. గదులు నాలుగే ఉన్నాయి. మరి ఐదో అంకె ఎక్కడికి పోతోంది? నాలుగో గది పక్కన ఏముంటే దాని నెత్తిన పడుతుంది. పక్కన ఏముందో చూసింది. మళ్ళీ ఎంతసేపటికి ఉష్ణోగ్రత చూడాలో గుర్తుపెట్టుకునే అంకె ఉంది అక్కడ.

ఐదో సెన్సరు ఇచ్చేది తలుపు ఎంతసేపు తెరిచి ఉందన్న లెక్క. తలుపు ఎంతసేపు తెరిచి ఉంటే అంత పెద్ద అంకె. ఆ పెద్ద అంకె వెళ్ళి ఈ అంకెని చెరిపేసి కూర్చుంటే, యంత్రం ఏమనుకుంటుంది? ఇంకా బోలెడు టైముంది, ఇప్పుడే చూడక్కర్లేదు అనుకుంటుంది. పైన నాలుగు డిగ్రీలు నాలుగు డిగ్రీలుగానే ఉండిపోతుంది. తలుపు ఎక్కువసేపు తెరిస్తేనే కంప్రెసరు గట్టిగా తిరుగుతుంది కూడా. అందుకే అందరికీ కంప్రెసరు రొదే అనిపించింది. పాపం బాబాయ్‌కీ అదే అనిపించింది.

లేచి పరీక్షల గదికి నడిచింది. నడిచింది అనుకుంది గానీ, రిసెప్షన్ అమ్మాయి "ఎందుకక్కా ఆ పరుగు?" అంది.

బాబాయ్ అక్కడే ఉన్నాడు. తన సొరుగు ఖాళీ చేస్తున్నాడు. పట్టకార్లు, భూతద్దం, చిప్పుల్ని అతికించే సగం వాడిన సోల్డరు తీగ చుట్ట, ఎప్పటివో రాయని పెన్నులు, అన్నీ ఒక అట్టపెట్టెలోకి పోతున్నాయి.

"బాబాయ్, అవన్నీ ఆపి ఇలా రండి. ఈ ఫ్రిజ్‌కి పాత బోర్డే ఉందా?"

"పాతదే. ఐదో వైరుతో." ఆ మాటని కొంచెం సిగ్గుగా అన్నాడు.

"కంప్రెసరు ప్లగ్గు పీకేద్దాం."

"పీకేస్తే ఇక రొదేముంటుంది? తప్పెలా కనిపిస్తుంది?"

"అదే కావాలి."

ప్లగ్గు పీకింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, మూసుకోకుండా ఒక కుర్చీ అడ్డం పెట్టింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి పైన అంకె చూస్తూ ఉన్నారు. నాలుగు డిగ్రీలు. చల్లటి గాలి కాళ్ళకి తగిలి, తగిలి, ఆగిపోయింది. కాసేపయ్యాక బిల్డమ్మ లోపలికి చెయ్యిపెట్టి సెన్సరుని పిడికిట్లో పట్టుకుంది. వెచ్చబడేదాకా పట్టుకుంది. పైన నాలుగు డిగ్రీలు. బాబాయ్ వేడి కాఫీ కప్పు తెచ్చి దాని పక్కన పెట్టాడు. నాలుగే.

"కంప్రెసరు లేదు కదా" అన్నాడు బాబాయ్, నెమ్మదిగా. "రొద లేదు కదా."

ఆమె గదుల్ని ఐదు చేసి, పాత చిప్పుకి కెర్నెల్ మళ్ళీ కట్టి తెచ్చి అదే బోర్డులోకి ఎక్కించింది. అదే వైరు. ఈసారి ప్లగ్గు పెట్టి, కంప్రెసరు గురగురలాడుతుండగానే తలుపు తెరిచారు. అంకె కదిలింది. ఐదు. ఆరు. ఏడు. అలారం మోగింది. ఆ పాడు చప్పుడు అంత ఇంపుగా ఉంటుందని ఆమెకెప్పుడూ తెలీదు.

"మీది కాదు బాబాయ్! మీ బోర్డు బంగారం. కోడుది తప్పు."

బాబాయ్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఏమందో చదువు" అన్నాడు. "మీ అత్తగారు. ఏమందో ఉన్నదున్నట్టు చదువు."

ఆమె ఫోనులో ఫొటో తీసుకున్న ఆ వరసని చదివింది. నాలుగు గదుల వరసలో ఐదో గది, హద్దు దాటింది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. సంతోషిస్తాడనుకుంది. ఆయన ముఖంలో సంతోషం లేదు. చెయ్యి జారి ఏదో పగలగొట్టుకున్న మనిషిలా ఉన్నాడు.

"మరి నేనెందుకు ఒప్పుకున్నానమ్మా?"

"మీరు ఒప్పుకోలేదు బాబాయ్. నాదేనేమో అన్నారు. మెయిల్లో ఏమో తీసేశారు."

"ఏమో అన్నానా?"

"అన్నారు. నేనక్కడే ఉన్నాగా, నాకు గుర్తుంది."

బాబాయ్ తలెత్తి ఆమెని చూశాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "మరి ఆ మెయిల్ వచ్చిన రోజు ఆ మాట ఎందుకు చెప్పలేదే?"

తలుపు ఇంకా తెరిచే ఉంది, అలారం మోగుతూనే ఉంది. బిల్డమ్మ వెళ్ళి తలుపు మూసింది. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

*

ఏ వాక్యం ఎవరు రాశారో చూపించే ఆజ్ఞ ఒకటుంది. ఆ వృత్తిలో దాని పేరే నింద. గురువారం పొద్దున బిల్డమ్మ ఆ ఫైలు మీద నింద నడిపింది. లెక్కని నాలుగు నుంచి ఐదుకి మార్చిన వాక్యం పక్కన మేనేజరు పేరు వచ్చింది. సణుగుడు ఆపే జెండా పెట్టిన వాక్యం పక్కన కూడా ఆయన పేరే, అదే రోజున. హడావిడిలో లెక్క పెంచాడు, గదులు పెంచడం మర్చిపోయాడు, కంపైలరు చెబుతుంటే దాని నోరు నొక్కాడు. అప్పటికాయన ఇంకా మేనేజరు కాదు.

గుండె గట్టి చేసుకుని ఆయన గదికెళ్ళింది. దారిలో మాటలన్నీ పేర్చుకుంది. ఆయన కాదంటే ఏమనాలి, గుట్టుగా సరిచేసెయ్ అంటే ఏమనాలి, బాబాయ్ సంగతేంటి సార్ అని ఎలా అడగాలి. ఒక్కటీ అవసరం పడలేదు. మేనేజరు తెర చూశాడు, మెడ వెనక రుద్దుకున్నాడు, ఇంకోసారి చూశాడు.

"అరె, ఇది నేను రాసిందే కదా" అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు కూడా. "భలే పట్టావు బిల్డమ్మా. రేపు మీటింగులో నేనే చెబుతాను."

చెప్పాడు. శుక్రవారం అందరినీ కూర్చోబెట్టి, తెర మీద ఆ రెండు వాక్యాలూ చూపించి, నిలబడి, "ఈ తప్పు నాది. పూర్తిగా నాది" అన్నాడు. తర్వాత వెనకనుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. గదంతా చప్పట్లు. "పెద్ద మనసు సార్ మీది" అన్నారొకరు. "ఇలా ఒప్పుకోడానికి ఎంత ధైర్యం కావాలి" అన్నారింకొకరు. ఆసుపత్రులవాళ్ళకి పొద్దున్నే ఫోను చేసి చెబితే, ఇంత నిజాయితీగా చెప్పిన కంపెనీని ఇప్పటిదాకా చూళ్ళేదన్నారట. ఆ సంగతీ మేనేజరే చెప్పాడు. మళ్ళీ చప్పట్లు.

"బాబాయ్, పాత విషయాలన్నీ మర్చిపోండి. సోమవారం మామూలుగా వచ్చెయ్యండి" అన్నాడు చివర్లో, వెళుతూ వెళుతూ గుర్తొచ్చినట్టు.

బాబాయ్ కూడా చప్పట్లు కొట్టాడు. బిల్డమ్మ ఆయన చేతుల్నే చూసింది. అందరితోపాటు మొదలుపెట్టి, అందరికన్నా ముందే ఆపేశాడు.

మెట్ల దగ్గర ఆయన్ని అందుకుంది. "పెట్టె ఇటివ్వండి, నేను లోపల పెడతాను."

ఆయన పెట్టె ఇవ్వలేదు. "చూశావా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "నేను చెయ్యనిదాన్ని 'ఏమో' అంటే ఇంటికి పొమ్మన్నారు. ఆయన చేసినదాన్ని చేశానంటే చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాననుకో."

"బాబాయ్..."

"ఆయన్నేమీ అనట్లేదమ్మా. మంచోడే. నిజం చెప్పాడు. చెప్పినందుకు ఆయనకేం కాదని ఆయనకి తెలుసు, అంతే. నాకా సంగతి ఇన్నాళ్ళూ తెలీలేదు." ఒక మెట్టు దిగి ఆగాడు. "నువ్వు మాత్రం మంచి పని చేశావు. కంప్యూటరు చెప్పాకైనా చేశావు."

దెప్పడానికి అనలేదు ఆ మాట. దెప్పినా బావుండుననిపించింది ఆమెకి.

*

బాబాయ్ సోమవారం వచ్చాడు. అట్టపెట్టెలోవన్నీ సొరుగులోకి చేరాయి. కొత్త చిప్పు బోర్డుల పని ఊపందుకుంది. ఐదు గదులు, ఐదు సెన్సర్లు, అత్తగారు కూడా గమ్మునుంది. అందరూ జరిగింది మర్చిపోయారు. అంత తొందరగా మర్చిపోవడం చూస్తే బిల్డమ్మకి ఒళ్ళు మండింది, కానీ ఎవరిమీద మండాలో తెలీక ఊరుకుంది.

వారం మధ్యలో బాబాయ్ చేత్తో అతికించి ఇచ్చిన కొత్త నమూనా బోర్డు మొరాయించింది. కెర్నెల్ లేవడం మొదలుపెడుతుంది, సెన్సర్ల దగ్గరికొచ్చి చతికిలబడుతుంది. బిల్డమ్మ ముందు తన కోడే అనుకుంది. కేబుల్ రెండుసార్లు పీకి గుచ్చింది. ఇంకో బోర్డులోకి అదే కెర్నెల్ ఎక్కిస్తే చక్కగా నడిచింది. అప్పుడు భూతద్దం తీసి ఈ బోర్డుని దీపం కింద పెట్టి చూసింది. చిప్పు కాళ్ళు రెంటి మధ్య సోల్డరు చుక్క ఒకటి వంతెన కట్టి మెరుస్తోంది. అంతే విషయం. ఎవరి చేతికైనా జరిగేదే. వేడి సోల్డరింగు ఇనుము ఒక్కసారి తగిలిస్తే పోతుంది.

బోర్డు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఇదొకసారి చూస్తారా? సెన్సర్ల దగ్గర..."

"నా బోర్డు బాగానే ఉంది" అన్నాడు బాబాయ్.

తలెత్తలేదు. చెయ్యి చాచలేదు. ముందున్న గీతల కాగితం మీదనుంచి చూపు కదల్లేదు.

"ఇక్కడ కాళ్ళ మధ్య..."

"నేను చూసే ఇచ్చానమ్మాయ్. నాది కాదు. నీ కోడు చూసుకో."

పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు ఇటు చూసి మళ్ళీ తమ పనిలో పడ్డారు. బిల్డమ్మ అక్కడే కొంచెంసేపు నిలబడింది. బోర్డు ఆయన ముందు పెట్టి భూతద్దం చేతికిస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది. అందరూ చూస్తుండగా తేలిపోతుంది. ఆయన బల్ల చివర బోర్డు పెట్టేసి, "సరే బాబాయ్, చూసుకుంటాను" అని వెనక్కొచ్చింది. సీట్లో కూర్చుని తప్పులేని కోడు తెరిచి, సాయంత్రం దాకా పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంది. బాబాయ్ మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి బోర్డు ఆమె కీబోర్డు మీద ఉంది. భూతద్దంలో చూసింది. కాళ్ళ మధ్య చుక్క లేదు. అక్కడ రుద్ది తుడిచిన గుర్తు, కొత్త సోల్డరు మెరుపు. కెర్నెల్ ఎక్కించింది. ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచి, ఐదు సెన్సర్ల అంకెలూ వరసగా చూపించింది.

కాఫీ మిషను దగ్గర బాబాయ్ ఉన్నాడు. ఆమె కప్పు పెట్టి మీట నొక్కింది. మిషను గురగురమంటుంటే ఇద్దరూ దాన్నే చూశారు.

"ఏమైంది నిన్నటి బోర్డు?" అన్నాడు చివరికి. కళ్ళజోడు నుదుటి మీద ఉంది, చేతులు జేబులో ఉన్నాయి. "దొరికిందా?"

"దొరికింది బాబాయ్" అంది బిల్డమ్మ. పక్కనున్నవాళ్ళకి కూడా వినపడేలా అంది. "కోడులోనే ఉంది. నాదే తప్పు."

ఆయన ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. కప్పు తీసుకుని రెండడుగులు వేసి, ఆగి, గోడవైపు తిరిగే అన్నాడు.

"ఇకమీదట జాగ్రత్తగా చూసుకో."

"అలాగే బాబాయ్" అంది బిల్డమ్మ.